గొప్ప గిటారిస్టూ, గొప్ప మ్యూజీషియనూ ఒకటేనా?

స్పీడుగా సోలోలు వాయించేవాళ్లందరినీ గొప్ప మ్యూజీషియన్లు అనొచ్చా అని అడిగారు. అనలేం. వేళ్ల పని ఒక విద్య, చెవి పని ఇంకో విద్య. గదిలో ఒంటరిగా వాయించినంతసేపూ మొదటిదే తెలుస్తుంది. పక్కన బేస్, కీబోర్డ్, డ్రమ్స్, సింగర్ చేరాక రెండోదాని సంగతి బయటపడుతుంది.

జి స్కేల్లో ఒక పాట తీసుకోండి. కార్డులు (కలిపి పలికించే స్వరాల గుంపులు) జి, డి, ఇ మైనర్, సి. చాలామంది ఆరు తీగలూ కలిపి బ్యారే కార్డులు (చూపుడువేలు తీగలకి అడ్డంగా నొక్కి పట్టేవి) దంచేస్తారు. ఇంట్లో నిండుగానే ఉంటుంది, బ్యాండులో ముద్దయిపోతుంది. మూడో ఫ్రెట్‌లో (ఫ్రెట్ అంటే గిటార్ మెడ మీది మెట్టు) జి బ్యారే పట్టినప్పుడు అన్నిటికన్నా మందమైన ఆరో తీగ పలికేది సుమారు 98 హెర్ట్జ్. ఆ చోటులో బేస్ గిటార్, కీబోర్డ్ వాయించేవాడి ఎడమచెయ్యి అప్పటికే ఉన్నాయి. ఐదో, నాలుగో తీగలేమో మగ గొంతు తిరిగే చోట పడతాయి. తెలిసినవాడు మందం తీగలు మూడూ వదిలేసి, సన్న తీగలతోనే సరిపెడతాడు. మూడో తీగ నుంచి మొదటి తీగ వరకు ఫ్రెట్లు ఇవి: జి 4-3-3, డి 2-3-2, ఇ మైనర్ 4-5-3, సి 5-5-3. కార్డ్ మారినప్పుడు ఏ తీగ మీదా వేలు రెండు ఫ్రెట్లు మించి కదలదు. వినేవాళ్లకి కార్డులు ఒకదాంట్లోంచి ఇంకోటి పుట్టినట్టుంటాయి.

అమెరికన్ జాజ్ బృందం కౌంట్ బేసీ ఆర్కెస్ట్రాలో 1937 నుంచి 1987లో చనిపోయేదాకా రిథమ్ గిటార్ వాయించిన ఫ్రెడ్డీ గ్రీన్ సోలోలు వాయించింది బహు తక్కువ. బారుకి (తాళం ఒక చుట్టుకి) నాలుగు దెబ్బలు, చాలాసార్లు కార్డ్‌లో ఒకటో రెండో స్వరాలే గట్టిగా వినపడేవి. స్పీడే కొలత అయితే ఆయన పేరు లిస్టులోనే ఉండదు. (చెయ్యి తిరగనివాళ్లు దీన్ని సాకుగా వాడుకుంటారు, అదో గోల. ఆ నాలుగు దెబ్బలూ రాత్రంతా ఒకేలా వెయ్యడం తేలికేం కాదు.)

లయ దగ్గర చేయాల్సిన సాధన ఇది. 80 టెంపో (నిమిషానికి 80 దెబ్బలు) పాటకి మెట్రోనోమ్‌ని (టిక్కులతో లయ చూపే సాధనం) 40కి పెట్టి, ఆ టిక్కులు రెండో, నాలుగో దెబ్బల మీద పడుతున్నట్టు లెక్కేసుకోండి. ఒకటో దెబ్బా, మూడో దెబ్బా మీరే మొయ్యాలి. సాధారణంగా రెండు చోట్ల లయ జారుతుంది: చరణానికి ముందు ఫిల్ (ఖాళీ నింపే చిన్న ముక్క) వాయించేటప్పుడు పరిగెడతారు, బ్యారే కార్డ్‌కి మారేటప్పుడు వెనకబడతారు. వెనకబడేవాళ్లు అప్పటిదాకా పట్టుకున్న కార్డ్‌ని అరదెబ్బ ముందే వదిలేసి చెయ్యి కదపాలి. ఆ కాస్త ఖాళీని ఎవరూ పట్టించుకోరు. ఆలస్యంగా పడిన ఒకటో దెబ్బ మాత్రం అందరికీ తెలిసిపోతుంది.

చెవి సంగతికొస్తే, ముందు నోటితో పాడి తర్వాత వాయించడాన్ని మించిన సాధన లేదు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గురువు రుద్రరాజు సుబ్బరాజు గాత్ర విద్వాంసుడు, మాండలిన్ ఆయనకి రాదు. ఆయన పాడేవారు, శ్రీనివాస్ విని తీగ మీద పలికించేవారు. ఫ్రెట్లున్న వాద్యం మీద గమకం నిలిచింది అలా పాటని పట్టుకోబట్టే. గిటార్‌లో దీనికి దగ్గరిది బెండింగ్, అంటే నొక్కిన తీగని పక్కకి తోసి శ్రుతి పెంచడం. మూడో తీగ తొమ్మిదో ఫ్రెట్ నొక్కి ఆ స్వరం పాడండి. పాడుతూనే ఏడో ఫ్రెట్‌కి వచ్చి, తీగని ఆ స్వరం దాకా తొయ్యండి. ఉంగరం వేలు ఒక్కటే తోస్తే శ్రుతి కాస్త కిందే ఆగుతుంది. వెనక చూపుడువేలు, మధ్యవేలు ఆనించి, మణికట్టు తిప్పి తొయ్యాలి. వేళ్ల బలం మీద ఆధారపడొద్దు.

అసలు పరీక్ష సింగర్ "జి ఎక్కువైంది, ఎఫ్‌లో వాయించండి" అన్నప్పుడు మొదలవుతుంది. క్యాపో (తీగలన్నిటినీ ఒక ఫ్రెట్ దగ్గర నొక్కి ఉంచే బిగింపు) శ్రుతిని పెంచుతుందే గానీ తగ్గించదు, కాబట్టి జి షేపులతో (వేళ్ల పట్టులతో) పని జరగదు. టాబ్ (ఏ తీగ ఏ ఫ్రెట్‌లో నొక్కాలో రాసిన కాగితం) బట్టీ పట్టినవాడు ఇక్కడే ఆగిపోతాడు. అదే పాట 1, 5, 6, 4 అని (ఏ కార్డ్ స్కేల్లో ఎన్నో స్వరం మీదిదో) అంకెల్లో గుర్తున్నవాడు మూడో ఫ్రెట్‌లో క్యాపో పెట్టి డి, ఎ, బి మైనర్, జి షేపులు పట్టేస్తాడు. కొత్త పాట ఏది నేర్చుకున్నా కార్డుల పేర్లతో పాటు ఈ అంకెలూ రాసుకుని, మూడు స్కేళ్లలో వాయించాకే ఇంకో పాటకి వెళ్లండి.