వంపు పైకప్పును కంప్యూటర్‌లో గీయడం: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: ఆర్కిటెక్ట్ కార్యాలయంలో డ్రాఫ్టింగ్ పని చేస్తున్నాను. 12 మీటర్ల వెడల్పు గల హాలుకు, నడుమ 2 మీటర్లు లేచే కమాను పైకప్పును స్కెచప్‌లో (త్రిమితీయ నమూనాలు గీసే సాఫ్ట్‌వేర్) గీశాను. కింది తలాన్ని గీసి, దాని నకలును 200 మిల్లీమీటర్లు పైకి జరిపి మందం ఇచ్చాను. సెక్షన్ తీసి చూస్తే నడుమ మందం సరిగ్గానే ఉంది కాని, అంచుల దగ్గర బాగా తగ్గింది. పైగా దగ్గరికి వెళ్లి చూస్తే వంపు అంతా చిన్న చిన్న సరళ రేఖల ముక్కలుగా కనిపిస్తోంది. కారణం ఏమిటి?

సమాధానం: మీరు చెప్పిన రెండు లోపాలకూ కారణాలు వేరు. తలాన్ని నిలువుగా పైకి జరిపినప్పుడు అన్నిచోట్లా 200 మిల్లీమీటర్లుగా నిలిచేది నిలువు దూరం మాత్రమే. పైకప్పు మందాన్ని మనం కొలిచేది తలానికి లంబంగా. నడుమ తలానికి వాలు ఉండదు కాబట్టి అక్కడ ఈ రెండు కొలతలూ ఒకటే అవుతాయి, అంచు వైపు వెళ్లేకొద్దీ వాలు పెరిగి లంబ దూరం తగ్గుతూ పోతుంది. మీ కమానుకే లెక్క వేసి చూడండి. వెడల్పు వర్గాన్ని ఎత్తుకు ఎనిమిది రెట్లతో భాగించి, వచ్చినదానికి ఎత్తులో సగం కలిపితే వ్యాసార్థం తెలుస్తుంది: 144ను 16తో భాగిస్తే 9, దానికి 1 కలిపితే 10 మీటర్లు. అంచు దగ్గర వాలు సుమారు 37 డిగ్రీలు, దాని కొసైన్ 0.8. అంటే మీరు 200 మిల్లీమీటర్లు అనుకున్న మందం అక్కడ 160 మిల్లీమీటర్లే. ఇది చిత్రంలో కనిపించే లోపంగా ఆగిపోదు, కాంక్రీటు పరిమాణం లెక్కలోకీ కమ్మీల కవర్‌లోకీ (కమ్మీలను కప్పి ఉంచే కాంక్రీటు మందం) పాకుతుంది.

కాబట్టి స్కెచప్‌లో తలాన్ని నకలు తీయకుండా, ముందు నిలువు తలం మీద కమాను గీతను గీసి, దాన్ని ఆఫ్‌సెట్ సాధనంతో 200 మిల్లీమీటర్లు బయటికి తీసి, రెండు చివరలనూ మూసి, ఆ వచ్చిన ముఖాన్ని పుష్‌పుల్‌తో హాలు పొడవునా లాగండి. భవన నమూనాల సాఫ్ట్‌వేర్‌లైన రెవిట్‌లోని రూఫ్ బై ఎక్స్‌ట్రూజన్, ఆర్కికాడ్‌లోని షెల్ సాధనం ఈ లంబ మందాన్ని వాటంతట అవే ఇస్తాయి. అయితే మీరు గీసిన గీత పైకప్పు పైభాగమైందో కిందిభాగమైందో ఒక సెక్షన్ తీసి నిర్ధారించుకున్నాకే గోడల ఎత్తుల జోలికి వెళ్లండి.

ఇక ముక్కల సంగతి. స్కెచప్ వృత్తాన్నీ కమానునూ నిజమైన వక్రరేఖలుగా దాచుకోదు, సరళ రేఖల వరుసగా దాచుకుంటుంది. మీరు మార్చకపోతే కమానుకు 12 ముక్కలు, పూర్తి వృత్తానికి 24 ముక్కలు ఇస్తుంది. మీ కమానులో ఒక్కో ముక్క నడుమ అసలు వంపుకూ గీతకూ మధ్య తేడా సుమారు 14 మిల్లీమీటర్లు. కమానును గీసిన వెంటనే ముక్కల సంఖ్యను 24 చేస్తే అది నాలుగో వంతుకు, అంటే సుమారు 3.6 మిల్లీమీటర్లకు దిగుతుంది. అంచులను మెత్తగా చూపే స్మూత్ ఆదేశం మన కంటిని సమాధానపరుస్తుందే తప్ప కొలతను అణువంత కూడా మార్చదు. సరిచూసుకోవడానికి ఒక తేలిక మార్గం ఉంది: కమాను చివరల మట్టం నుంచి కొలిస్తే, మీ కమానులో నడి నుంచి 3 మీటర్ల దూరంలో ఎత్తు 1.539 మీటర్లు, 5 మీటర్ల దూరంలో 0.660 మీటర్లు ఉండాలి. నమూనాలో ఆ రెండు చోట్లా కొలవండి.

ప్రశ్న: ఆర్కిటెక్చర్ విద్యార్థినిని. 10 మీటర్ల చదరపు మంటపానికి మూడు మూలలు 3 మీటర్ల ఎత్తులోనూ, నాలుగో మూల 5 మీటర్ల ఎత్తులోనూ ఉండే మెలి తిరిగిన పైకప్పు అనుకున్నాను. రెవిట్‌లో చదునైన రూఫ్ గీసి, షేప్ ఎడిటింగ్‌తో ఆ మూలను పైకి ఎత్తితే మూల నుంచి మూలకు ఒక మడత పడుతోంది. నునుపైన వంపు ఎలా వస్తుంది? దాని మీద లోహపు షీట్లు పరచడం సాధ్యమేనా?

సమాధానం: మీ ప్రశ్న చిన్నదే కాని, వంపు పైకప్పుల విషయంలో తెలుసుకోవలసిన దానిలో సగం అందులోనే ఉంది.

ఒకే సమతలంలో లేని నాలుగు బిందువుల మీదుగా చదునైన పలక పోదు. షేప్ ఎడిటింగ్ ఈ చిక్కును తీర్చడానికి పైకప్పును రెండు త్రిభుజాలుగా విడగొడుతుంది, మీకు కనిపించే మడత ఆ రెంటి మధ్య గీతే. ఆ మడత ఏ కర్ణం మీద పడిందన్న దాన్ని బట్టి పైకప్పు ఆకారమే మారిపోతుందని మీరు గమనించారో లేదో. ఎత్తిన మూలనూ దాని ఎదుటి మూలనూ కలిపే కర్ణం మీద పడితే మంటపం నడిబొడ్డున ఎత్తు 4 మీటర్లు. రెండో కర్ణం మీద పడితే 3 మీటర్లు. నునుపైన వంపు అయితే 3.5 మీటర్లు. నాలుగు మూలల ఎత్తులు మాత్రమే చూపిన డ్రాయింగ్ ఈ మూడింటిలో దేన్నయినా సూచించవచ్చు. అందుకే ఇలాంటి పైకప్పు డ్రాయింగ్‌లో నడి ఎత్తును తప్పనిసరిగా రాయాలి.

మీరు కోరుతున్న నునుపైన ఆకారం పేరు హైపర్‌బోలిక్ పారాబొలాయిడ్, వాడుకలో హైపార్. ఒక మూల నుంచి రెండు అంచుల వెంట కొలిచిన దూరాల లబ్ధాన్ని బట్టి ఎత్తు మారడం దీని లక్షణం. కంటికి పూర్తిగా వంపుగా కనిపించినా, దీని మీద ప్రతి బిందువు గుండా రెండు సరళ రేఖలు తలాన్ని విడవకుండా పోతాయి. కాబట్టి గీయడమూ సులువే: రెవిట్‌లో మాస్ (ఆకారాన్ని మాత్రమే చూపే నమూనా) తెరిచి, ఎదురెదురు అంచులుగా రెండు సరళ రేఖలు గీసి, రెండింటినీ ఎంచుకుని క్రియేట్ ఫారమ్ ఇవ్వండి, వచ్చిన తలాన్ని రూఫ్ బై ఫేస్‌తో పైకప్పుగా మార్చండి. తరువాత మాస్‌ను సవరించినప్పుడు పైకప్పు తనంతట తాను కదలదు, దాన్ని ఎంచుకుని అప్‌డేట్ టు ఫేస్ నొక్కవలసి ఉంటుంది. ఇది తెలియక పాత ఆకారంతోనే డ్రాయింగ్‌లు బయటికి వెళ్లే ప్రమాదం ఉంది. ఆర్కికాడ్‌లో అయితే షెల్ సాధనంలోని రూల్డ్ పద్ధతి, వక్ర తలాలు గీసే సాఫ్ట్‌వేర్ రైనోలో అయితే నాలుగు మూలలతో తలాన్ని గీసే ఆదేశం ఇదే ఆకారాన్ని ఇస్తాయి.

షీట్ల విషయానికి వస్తే, ముందు ఒక కాగితం చేతిలోకి తీసుకుని మీ నమూనా మీద పరచి చూడమంటాను. స్తూపాకారం మీద, శంకువు మీద కాగితం ముడత లేకుండా కూర్చుంటుంది. గోపురం మీద, హైపార్ మీద కూర్చోదు. కాగితాన్ని తిట్టి లాభం లేదు, గణితమే ఒప్పుకోదు: తలాన్ని సాగదీయకుండా, చింపకుండా ఎంత వంచినా దాని గాసియన్ వక్రత (ఒక బిందువు దగ్గర రెండు ప్రధాన దిశల వంపుల లబ్ధం) మారదని కార్ల్ ఫ్రెడరిక్ గాస్ 1827లోనే నిరూపించాడు. చదునైన షీట్‌కు ఆ వక్రత సున్నా. మీ పైకప్పుకు రుణాత్మకం. అయినా నిరాశ పడనక్కర లేదు, ముక్క ఎంత చిన్నదైతే తేడా అంత చిన్నది. మీ కొలతలతో మీటరు చదరపు పలకను మూడు మూలల మీద ఆనిస్తే నాలుగో మూల సుమారు 20 మిల్లీమీటర్లు ఎడంగా నిలుస్తుంది. గాజు పలకకు ఇది పెద్ద తేడా. అదే 100 మిల్లీమీటర్ల వెడల్పు గల చెక్క పట్టీని ఆ సరళ రేఖల వెంట 10 మీటర్ల పొడవునా పరిస్తే, మొత్తం పొడవు మీద అది మెలి తిరగవలసింది కూడా దాదాపు 20 మిల్లీమీటర్లే; చెక్క ఆ మెలిని ఇబ్బంది లేకుండా తీసుకుంటుంది. ఆర్కిటెక్ట్ ఫెలిక్స్ కాండెలా మెక్సికోలో కట్టిన పలుచని కాంక్రీటు పైకప్పుల వెనుక ఉన్న కిటుకు ఇదే. తిన్నని చెక్కలతోనే సెంట్రింగ్ కొట్టి వంపు తలాలను పోయించాడు. 1958లో షోచిమిల్కోలో పూర్తయిన లాస్ మనాంటియాలెస్ రెస్టారెంట్ పైకప్పు ఒకదాన్నొకటి కోసుకునే నాలుగు హైపార్‌ల కలయిక. దాని మందం సుమారు 4 సెంటీమీటర్లు. కాబట్టి మీ మంటపానికి వెడల్పాటి షీట్లను వదిలి, సన్నని పట్టీలను సరళ రేఖల దిశలో పరచే పద్ధతిని ఎంచుకోండి, పర్లిన్‌లు (పట్టీలను మోసే సన్నని దూలాలు) రెండో దిశలోని సరళ రేఖల వెంట నేరుగా పోతాయి.

ప్రశ్న: అలలాంటి పైకప్పును రైనోలో అయిదు సెక్షన్ గీతల మీదుగా లాఫ్ట్ చేశాను (గీతలను కలుపుతూ తలాన్ని పరిచాను). నీడలో చూస్తే గడ్డలు గడ్డలుగా ఉంది. సగం గీసి అద్దంలా తిప్పాను కాబట్టి నడుమ సన్నని మడత కూడా కనిపిస్తోంది. గీతలు పెంచితే నునుపు వస్తుందా?

సమాధానం: రాదు, గడ్డలు పెరుగుతాయి. అయిదు గీతలనూ వేర్వేరుగా గీసి ఉంటారు, ఒక్కోదానిలో నియంత్రణ బిందువుల (గీత వంపును నిర్ణయించే బిందువులు) సంఖ్య వేరుగా ఉండి ఉంటుంది. అలాంటి గీతలను లాఫ్ట్ చేసినప్పుడు వాటన్నిటి బిందువులూ తలంలో పోగుపడతాయి. గీతను కొత్త బిందువులతో మళ్లీ కట్టే రీబిల్డ్ ఆదేశంతో అన్నిటినీ డిగ్రీ 3కు, ఒకే బిందువుల సంఖ్యకు తెచ్చి, అన్నీ ఒకే దిశలో సాగుతున్నాయో లేదో చూసి, మళ్లీ లాఫ్ట్ చేయండి. వీలైతే అయిదింటిని మూడు చేయండి. మంచి వంపును తక్కువ బిందువులతోనే గీయాలన్నది నా గట్టి అభిప్రాయం. ఆరు బిందువులతో రాని అల అరవైతోనూ రాదు. ప్యాచ్ ఆదేశాన్ని పైకప్పులకు వాడకండి, అది ఇచ్చిన గీతల దగ్గరగా పోతుందే కాని వాటి మీదుగానే పోతుందన్న హామీ లేదు.

నడి మడతకు మందు సులువు. అద్దం తలానికి ఆనుకున్న మొదటి బిందువుల వరుసకూ, దాని పక్క వరుసకూ ఒకే ఎత్తు ఉండేలా, రెండూ ఆ తలానికి లంబంగా సాగేలా సరిచేయండి. అలా చేస్తే అతుకు దగ్గర స్పర్శరేఖ రెండు వైపులా కలుస్తుంది. రెండు సగాలూ ఒకదానికొకటి ప్రతిబింబాలు కాబట్టి వక్రత కూడా దానంతటదే సమానమవుతుంది. నునుపును పరీక్షించడానికి రైనో తలం మీద చూపే జీబ్రా చారలు అతుకు దాటేటప్పుడు తెగకుండా, విరగకుండా సాగితే పని అయినట్టే.

అయితే నునుపు సాధించాక అసలు ప్రశ్న మొదలవుతుంది: దీన్ని దేనితో కప్పుతారు? సిడ్నీ ఒపెరా హౌస్ కోసం ఆర్కిటెక్ట్ యోర్న్ ఉట్సన్ మొదట గీసిన చిప్పలకు నిర్దిష్టమైన జ్యామితి లేదు, వాటిని కట్టే దారి కోసం ఇంజినీర్లు ఏళ్ల తరబడి అనేక ఆకారాలు ప్రయత్నించారు. 1961లో అన్ని చిప్పలనూ సుమారు 75 మీటర్ల వ్యాసార్థం గల ఒకే గోళం నుంచి కోయాలన్న నిర్ణయం జరిగాక మాత్రమే, ఒకే వంపు గల ముక్కలను అచ్చుల్లో మళ్లీ మళ్లీ పోయడం సాధ్యమైంది. దీనికి భిన్నంగా, 2000లో తెరిచిన బ్రిటిష్ మ్యూజియం గ్రేట్ కోర్ట్ పైకప్పు స్వేచ్ఛావక్రతను ఉంచుకుని, దాన్ని 3,312 త్రిభుజాకార గాజు పలకలతో కప్పింది. త్రిభుజం ఎప్పుడూ చదునే కాబట్టి ఏ వంపునైనా అది కప్పగలదు, కాని పలకల కొలతలు ఒకదానితో ఒకటి కలవవు. నడిమి దారి ఒకటి ఉంది. ఒక వక్రరేఖను మరో వక్రరేఖ వెంట దిశ మార్చకుండా జరిపితే వచ్చే తలాన్ని నాలుగు భుజాల చదునైన గాజు పలకలతోనే కప్పవచ్చు. బెర్లిన్ జంతు ప్రదర్శనశాలలో నీటిగుర్రాల గృహం మీది గాజు పైకప్పు ఆ కోవలోనిదే. మీ అలను ఈ పద్ధతిలో మళ్లీ గీయగలరేమో ఒకసారి ప్రయత్నించండి. ఆకారం కొంచెమే మారుతుంది, తయారీ మాత్రం చాలా తేలికవుతుంది.

ప్రశ్న: పైకప్పు సిద్ధమైంది కాని గోడలు దాని కిందికి సరిగ్గా కలవడం లేదు. స్ట్రక్చరల్ ఇంజినీరుకు ఐఎఫ్‌సీ ఫైలు (వేర్వేరు సాఫ్ట్‌వేర్‌లు భవన నమూనాను ఇచ్చిపుచ్చుకునే రూపం) పంపితే వంపు అంతా త్రిభుజాలుగా తెరుచుకుందని అంటున్నారు.

సమాధానం: గోడలను చేత్తో కోయకండి. రెవిట్‌లో గోడలను ఎంచుకుని అటాచ్ టాప్‌తో పైకప్పుకు అతికించండి. ఆర్కికాడ్‌లో షెల్‌తో ట్రిమ్ చేయండి. అతుకు కుదరకపోతే గోడ పైకప్పు అంచును దాటి బయటికి పోతోందేమో చూడండి, చాలాసార్లు అదే కారణం.

ఐఎఫ్‌సీ 2ఎక్స్3లో స్వేచ్ఛావక్ర తలాలను తలాలుగానే మోసుకెళ్లే ఏర్పాటు లేదు. ఐఎఫ్‌సీ 4లో ఉంది, కాని అందులోనూ ఫైలు పంపేటప్పుడు రిఫరెన్స్ వ్యూ అనే ఎంపికను ఎంచుకుంటే అలాంటి వంపు త్రిభుజాలుగానే వెళ్తుంది. డిజైన్ ట్రాన్స్‌ఫర్ వ్యూ ఎంచుకుని పంపి, అవతలి సాఫ్ట్‌వేర్ దాన్ని చదవగలదో లేదో ఇంజినీరును అడగండి. చదవలేకపోతే త్రిభుజాల ఫైలుతో పాటు, వంపును పుట్టించిన మూల గీతలను విడిగా డీడబ్ల్యూజీలో (ఆటోక్యాడ్ డ్రాయింగ్ ఫైలు) ఇవ్వండి. ఇంజినీరు తన నమూనాను ఆ గీతల నుంచే కట్టుకుంటారు.