‘ఫుల్’ అన్న ఒక్క మాటతోనే సరిపెట్టుకోవాలా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదువుకున్నాను, ఇప్పుడు కళాశాలలో ఇంగ్లీషు ప్రధానాంశంగా చదువుతున్నాను. మా ఊరి రథయాత్ర మీద ఇంగ్లీషులో వ్యాసం రాస్తే, వీధికీ, బస్సుకూ, చెరువుకూ, సంచికీ అన్నింటికీ ‘ఫుల్’ అనే రాశానని మా అధ్యాపకురాలు ప్రతిచోటా ఎర్ర సిరాతో గీత గీశారు. పూర్తిగా నిండిందని చెప్పడానికి ఇంకా ఏ మాటలున్నాయి? ఒకదాని బదులు మరొకటి వాడవచ్చునా?
— ఒక పాఠకురాలు, గజపతి జిల్లా, ఒడిశా

జవాబు: మాటలకు కొదవ లేదు గానీ, ఒకదాని చోట మరొకటి పెడితే చాలాసార్లు పొసగదు. తెలుగులో వీధి జనంతో కిక్కిరిసిందంటాము, కడవ నీళ్లతో తొణికిసలాడుతోందంటాము. కడవ కిక్కిరిసిందని ఎవరూ అనరు. ఇంగ్లీషులోనూ నిండినది ఏది, దేనితో నిండింది అన్నదాన్ని బట్టే మాట మారుతుంది కనుక, పర్యాయపదాల పట్టికను కంఠస్థం చేయడం కంటే ఆ జంటలను గమనించడమే మీకు ఎక్కువ మేలు చేస్తుంది.

మీ వీధితోనే మొదలుపెడదాము. ‘క్రౌడెడ్’ అంటే జనం బాగా ఉన్నారని మాత్రమే, సందు చేసుకుని నడవడానికి వీలుండవచ్చు; ‘ప్యాక్డ్’ అంటే ఇసుక వేస్తే రాలనంతగా ఉన్నారని. ‘జామ్-ప్యాక్డ్’ అంతకంటే గట్టిది, అయితే మాటల్లో నప్పినంతగా పరీక్షా పత్రంలో నప్పదు. రథం లాగే వీధికి ‘ప్యాక్డ్ విత్ డివోటీస్’ చక్కగా సరిపోతుంది. బస్సుకు ‘ఓవర్‌క్రౌడెడ్’ అన్నారంటే పట్టాల్సిన వారికంటే ఎక్కువమందిని ఎక్కించారన్న ఆక్షేపణ కూడా అందులో ఉంటుంది. ‘కంజెస్టెడ్’ను మాత్రం వాహనాలు కదలని రోడ్డుకూ, కఫం పట్టిన ఛాతీకీ వదిలేయండి, పండుగ సందడికి అది తగదు.

నీటి సంగతి వేరు. ‘బ్రిమ్’ అంటే పాత్ర అంచు, కాబట్టి ‘ఫుల్ టు ది బ్రిమ్’ అన్నప్పుడు చెరువు గట్టు దాకా నిండిందన్నమాట. గట్టు దాటి పొర్లితే అది ‘ఓవర్‌ఫ్లోయింగ్’. కన్నీళ్లు నిండిన కళ్లకూ, ఉత్సాహం నిండిన మనిషికీ ‘బ్రిమింగ్ విత్’ అంటారు. వానాకాలంలో మహేంద్రతనయ ఉద్ధృతంగా పారుతుంటే మాత్రం ఈ మాటలేవీ కాదు, ‘ఇన్ స్పేట్’ అనాలి. అదే చెరువులో చేపలు పుష్కలంగా తిరుగుతున్నాయని చెప్పాలంటే ‘టీమింగ్ విత్ ఫిష్’. పిల్లలను కనడమన్నది ఆ మాటకు ఉన్న పాత అర్థం, అందుకే అది ప్రాణంతో కదలాడే వాటికి ఎక్కువగా నప్పుతుంది.

మీరు అడగకపోయినా, నాకు ఇష్టమైన ఒక మాట చెబుతాను. ‘చాక్-ఎ-బ్లాక్’ ఓడల మీద పుట్టింది. తాడు వేసిన రెండు కప్పీలను దగ్గరకు లాగుతూ పోతే, చివరకు అవి ఒకదానికొకటి ఆనుకుని ఇక అంగుళం కూడా కదలని స్థితి వస్తుంది. నావికులు ఆ స్థితికి పెట్టుకున్న పేరే ఖాళీ లేకుండా నిండిన గదులకూ, రోడ్లకూ పాకింది. దాని తోబుట్టువులా కనిపించే ‘చాక్-ఫుల్’ అంతకంటే ఎంతో పాతది, దానికి కప్పీలతో సంబంధం లేదు.

ఇక మనవాళ్లు తరచుగా తడబడేది విభక్తి దగ్గర. నీళ్లతో నిండింది అనే మన ‘తో’ను వెంట తీసుకుపోయి ‘ఫుల్ విత్ వాటర్’ అని రాస్తుంటారు. ‘ఫుల్’ పక్కన ‘ఆఫ్’ రావాలి, ‘ఫిల్డ్’ పక్కన ‘విత్’ రావాలి. ‘చాక్-ఫుల్’ కూడా ‘ఆఫ్’నే కోరుతుంది, ‘చాక్-ఎ-బ్లాక్’, ‘ప్యాక్డ్’, ‘క్రామ్డ్’ మాత్రం ‘విత్’తో నడుస్తాయి. మీ పర్లాకిమిడిలోనే ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తి గారు సవర భాషను ఆ భాష మాట్లాడేవారి నోట విని నేర్చుకున్నారు. మీరు కూడా ఏ ఇంగ్లీషు మాట విన్నా దాని పక్కన నిలిచిన చిన్న మాటను కలిపే రాసుకోండి.

భోజనానికి పిలిచినవారి ఇంట్లో ‘ఐ యామ్ స్టఫ్డ్’ అనడం స్నేహితుల మధ్య చెల్లుతుంది గానీ, పెద్దల ముందు ‘ఐ హావ్ హ్యాడ్ ఎనఫ్, థాంక్యూ’ అనడమే మర్యాద.

మీ సంచి విషయానికొస్తే, బట్టలు కుక్కి కుక్కి పెట్టారు కనుక ‘క్రామ్డ్ విత్ క్లోత్స్’ అని రాయండి. ‘రిప్లీట్ విత్’ గంభీరంగా వినిపిస్తుందని దాన్ని అక్కడ పెట్టవద్దు. ఉదాహరణలు నిండిన గ్రంథానికో, విశేషాలు నిండిన చరిత్రకో అది సరిపోతుంది. ‘ఫుల్’ను పూర్తిగా విడిచిపెట్టాల్సిన పని కూడా లేదు, సీట్లన్నీ నిండిన బస్సును ‘ది బస్ వజ్ ఫుల్’ అనడంలో తప్పేమీ లేదు, మీ అధ్యాపకురాలు కూడా ఆ ఒక్కచోట గీత గీయరనే అనుకుంటున్నాను.