డాక్టరు పక్కన చేసే ఉద్యోగంలో తృప్తి ఉంటుందా?

ప్రశ్న: మాది తాడిపత్రి. మా ఆయన బండల పాలిష్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. మా పాప బైపీసీ చదివి, రెండుసార్లు నీట్ రాసింది. సీటు రాలేదు. ఇప్పుడు బీఎస్సీ ఫిజీషియన్ అసిస్టెంట్ చేస్తానంటోంది. "బతుకంతా డాక్టరు చేతి కింద పనే, రేపు ఏడుస్తుంది" అంటాడు మా అన్నయ్య. కన్సల్టెన్సీ ఆయనేమో ఇది చదివితే అమెరికాలో డాక్టర్లతో సమానంగా సంపాదించొచ్చు అంటున్నాడు. పాప ఈ ఉద్యోగంలో సంతోషంగా ఉండగలదా?

జవాబు: అమ్మా, కన్సల్టెన్సీ ఆయన మాట ముందు తేల్చేద్దాం. అది డబ్బుతో ముడిపడినది. అమెరికాలో ఫిజీషియన్ అసిస్టెంట్లకు మంచి జీతాలున్న మాట నిజమే. 2023 నాటి అక్కడి ప్రభుత్వ లెక్కల్లో మధ్యస్థ జీతం ఏడాదికి 1,30,000 డాలర్లు. కానీ డాక్టర్ల జీతాలు అంతకంటే చాలా ఎక్కువ, కాబట్టి సమానం అన్నది అక్కడా నిజం కాదు. పైగా అక్కడ అది డిగ్రీ తర్వాత చేసే మాస్టర్స్ చదువు. వాళ్ల గుర్తింపు ఉన్న కాలేజీలోనే చదివి, ప్యాన్స్ అనే పరీక్ష పాసైతేనే లైసెన్సు ఇస్తారు. మన బీఎస్సీ పట్టాతో నేరుగా ఆ పరీక్షకు కూర్చోనివ్వరు. అమెరికా పేరు చెప్పి అడ్వాన్సు అడిగితే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

మీ అన్నయ్య మాట అలా కొట్టిపారేసేది కాదు. ఈ ఉద్యోగంలో డాక్టరు పర్యవేక్షణ ఎప్పుడూ ఉంటుంది. సొంతంగా క్లినిక్ పెట్టడం, సొంతంగా మందులు రాయడం మన దేశంలో కుదరదు. ఇరవై ఏళ్ల అనుభవం వచ్చినా చివరి నిర్ణయం డాక్టరుదే. ఈ సంగతి పాపకు ఇప్పుడే, మొహమాటం లేకుండా చెప్పాలి. కానీ చేతి కింద పని కాబట్టి బాధ తప్పదు అనుకోవడం సరికాదు. అమెరికాలో ఈ వృత్తిలో ఉన్నవాళ్లను ఏళ్ల తరబడి సర్వేలు చేస్తూ వచ్చారు. తృప్తిగా ఉన్నామని చెప్పేవాళ్లే ఎక్కువ. రోగితో గడిపే సమయం, టీమ్‌తో కలిసి చేసే పని, డాక్టరుకు పట్టినన్ని ఏళ్ల చదువు లేకుండానే వైద్యంలో ఉండగలగడం వాళ్లకు నచ్చేవి. పని ఒత్తిడి, రాతకోతలు, పై మెట్టు ఎక్కే దారులు తక్కువ కావడం విసిగించేవి.

అసలు ఈ వృత్తి పుట్టిందే పని తెలిసిన చేతులు చాలక. 1965లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో డాక్టర్ యూజీన్ స్టెడ్ దీన్ని మొదలుపెట్టారు. మొదటి బ్యాచ్‌లో చేరినవాళ్లు నేవీలో వైద్య సహాయకులుగా పనిచేసి వచ్చినవాళ్లు. మన దేశంలో 1992లో చెన్నైలోని మద్రాస్ మెడికల్ మిషన్‌లో, గుండె ఆపరేషన్ల డాక్టర్ కె.ఎం. చెరియన్ చొరవతో మొదలైంది. ఎంబీబీఎస్ రానివాళ్లకు ఓదార్పుగా పెట్టిన కోర్సు కాదిది. మీ అన్నయ్యకు ఈ మాట తప్పకుండా చెప్పండి.

పని ఎలా ఉంటుందో చూడకుండా తృప్తి గురించి మాట్లాడి లాభం లేదు. మన జిల్లా అమ్మాయి ఒకామె బెంగళూరులో గుండె ఆపరేషన్ల విభాగంలో పనిచేస్తోంది. సర్జన్ రౌండ్స్‌కు వచ్చేలోపు ఐసీయూలో ప్రతి మంచం దగ్గరికీ వెళ్లి కేస్ షీట్ చూస్తుంది. రాత్రి డ్రెయిన్‌లో, అంటే ఆపరేషన్ చేసిన చోట పెట్టిన గొట్టంలో రక్తం ఎంత వచ్చింది, మూత్రం ఎంత వచ్చింది, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగిందా, జ్వరం ఉందా అన్నీ రాసుకుంటుంది. సర్జన్ రాగానే ఒక్కో రోగి గురించి రెండు నిమిషాల్లో చెప్పాలి. బైపాస్ ఆపరేషన్‌కు రోగి కాలి నుంచి సిర తీస్తారు కదా, థియేటర్లో ఆ పనీ, కుట్లు వేయడమూ శిక్షణ పొందిన ఫిజీషియన్ అసిస్టెంట్లు చేస్తారు. మధ్యాహ్నం నుంచి డ్రెస్సింగులు, డిశ్చార్జ్ సమ్మరీలు, రోగి ఇంటివాళ్లతో మాటలు. కళ్యాణదుర్గం నుంచో మడకశిర నుంచో వచ్చిన ముసలాయనకు, ఏ మాత్ర ఎప్పుడు మింగాలో మన తెలుగులో కూర్చుని చెప్పేది ఆమే. ఆయన "డాక్టరమ్మా" అని దండం పెడతాడు. తాను డాక్టరు కాదని ఆమె ఆ రోజూ చెప్పాలి, మర్నాడూ చెప్పాలి.

మీ పాప సంగతి తేలేది ఆ పిలుపు దగ్గరే అని నా నమ్మకం. ఆ ముసలాయన కుట్లు మానాయి, అందులో నా చెయ్యి ఉంది అని సంబరపడే పిల్లలు ఈ పనిలో హాయిగా ఉంటారు. "నేను డాక్టర్ని కాదు" అన్నప్పుడల్లా గుండెలో ముల్లు గుచ్చుకునేవాళ్లు రెండేళ్లలో అలసిపోతారు. ముఖ్యంగా తమకంటే చిన్న వయసు డ్యూటీ డాక్టరు వచ్చి పని చెప్పినప్పుడు. అందుకే నీట్ సంగతి ముందు తేల్చుకోనివ్వండి. ఇంకోసారి రాయాలని లోపల ఉంటే, ఈ కోర్సులో చేరి ఆ కోరికను నాలుగేళ్లు మోయడం కంటే రాసేయడమే మేలు. ఈ మాట మీరు అడిగితే పాప మీకు నచ్చే జవాబే చెప్పొచ్చు. మీ ఆయనా మీరూ లేకుండా, తనకు చనువున్న అక్కతోనో పిన్నితోనో మాట్లాడించండి.

రెండోది, ఎవరి దగ్గర పనిచేస్తుంది అన్నది. ఈ ఉద్యోగంలో సుఖదుఃఖాలు చాలావరకు ఆ డాక్టరు చేతిలోనే ఉంటాయి. నేర్పించి, నమ్మి, రోగి ముందు గౌరవంగా మాట్లాడే డాక్టరు దొరికితే తక్కువ జీతానికైనా పిల్లలు కదలరు. కొన్నిచోట్ల ఫిజీషియన్ అసిస్టెంట్ అని బోర్డు పెట్టి, పొద్దస్తమానం ఇన్సూరెన్స్ కాగితాలు, ఆరోగ్యశ్రీ అప్రూవల్స్, ఫోన్ కాల్స్ చేయిస్తారు. నాలుగేళ్లు చదివి గుమాస్తా పని చేస్తున్నానన్న బాధ అక్కడే మొదలవుతుంది. ఇంటర్వ్యూలో జీతం ఎంతని అడిగే ముందు, రోగి దగ్గర ఎంతసేపు, కంప్యూటర్ దగ్గర ఎంతసేపు అని అడగడం నేర్పండి.

పని హద్దుల గొడవ మన దగ్గరే కాదు. బ్రిటన్‌లో ఈ ఉద్యోగులు ఏ మేరకు వైద్యం చేయొచ్చన్న దానిపై పెద్ద వివాదం నడిచింది. అక్కడి ప్రభుత్వం వేయించగా 2025 జులైలో వచ్చిన లెంగ్ సమీక్ష, జబ్బేమిటో ఇంకా తేలని రోగులను వాళ్లు చూడకూడదని సిఫార్సు చేసింది. మన దేశంలో 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో ఫిజీషియన్ అసోసియేట్ పేరుతో ఈ వృత్తిని చేర్చారు. ఏ గుర్తింపూ లేకుండా గడిచిన ఏళ్లతో పోలిస్తే ఇది మంచి మార్పు. ఇన్నాళ్లూ చాలా కాలేజీల్లో మూడేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ ఉండేవి. కేంద్రం 2025లో కొత్త సిలబస్ ఇచ్చిన కోర్సుల్లో ఇదీ ఉంది కాబట్టి, చేరే కాలేజీ ఆ సిలబస్ ప్రకారం నడుస్తోందా, మొత్తం ఎన్నేళ్లు అన్నది కాగితం మీద చూపించమనండి.

డబ్బు సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. మొదటి జీతం చాలాచోట్ల 20 వేలకు అటూ ఇటూ. ఉద్యోగాలు ఎక్కువగా బెంగళూరు, హైదరాబాద్, చెన్నై కార్పొరేట్ ఆసుపత్రుల్లో ఉంటాయి. సర్కారు నోటిఫికేషన్ కోసం ఎదురుచూసే చదువు కాదిది. రాష్ట్రం బయట చదివిస్తే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదనుకునే లెక్క వేసుకోండి. హాస్టలూ మెస్సూ కలిపి మీ ఆయన జీతంలో ఎంత పోతుందో రాసుకోండి. అప్పు లేకుండా నడిచేలా ఉంటేనే ముందుకెళ్లండి. పెద్ద అప్పు నెత్తిన ఉంటే, నచ్చని డాక్టరు దగ్గర కూడా పాప మానలేక ఉండిపోవాల్సి వస్తుంది. తృప్తికి అంతకంటే పెద్ద శత్రువు లేదు.

కాలేజీకి సొంత ఆసుపత్రి ఉండాలి. రోజూ ఆపరేషన్లు జరిగే, మంచాలు నిండి ఉండే ఆసుపత్రి. ప్రాస్పెక్టస్‌లో ఫొటోలు చూసి డబ్బు కట్టొద్దు. పాపను తీసుకుని వెళ్లి, చివరి ఏడాది పిల్లలను క్యాంటీన్ దగ్గర పట్టుకోండి. నిన్న ఏం పని చేశావు తల్లీ అని అడగండి. వార్డు, థియేటరు, గుండె రక్తనాళాలు పరీక్షించే క్యాత్ ల్యాబ్ అంటే మంచిదే. ఫైళ్లు మోశాం అంటే తిరిగి వచ్చేయండి.

అంతకంటే ముందు ఇంకో పని ఉంది. అనంతపురం సర్వజనాసుపత్రిలో గానీ బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రిలో గానీ మీకు తెలిసిన నర్సమ్మో డాక్టరో ఉంటే, అనుమతి అడిగి పాపను నాలుగైదు రోజులు వార్డులో కూర్చోబెట్టండి. చీము వాసన, రాత్రిపూట ఏడుపులు, ఒక్కోసారి చావు కూడా తను చూడాలి. ఇంటికొచ్చి అన్నం తింటూ తనంతట తాను ఏ రోగి గురించి మాట్లాడుతుందో, అసలు మాట్లాడుతుందో లేదో గమనించండి. తర్వాత నాకు మళ్లీ రాయండి, కాలేజీల పేర్లు పెట్టుకుని కూర్చుని చూద్దాం.