గూట్లో తల్లి కదలడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: మా వసారా ముందు సన్నజాజి పందిట్లో పిగిలిపిట్ట గూడు పెట్టింది. మూడు పిల్లలు, ఇంకా ఈకలు రాలేదు. నాలుగు రోజులుగా ఒకటే ముసురు. వాన పెద్దదైతే తల్లి గూట్లోంచి కదలదు, మేతకు వెళ్ళదు. పిల్లలు ఆకలికి చచ్చిపోతాయేమోనని టెన్షన్‌గా ఉంది. గూటి మీద పాలిథీన్ కట్టనా? పాలలో నానబెట్టిన బ్రెడ్డు పెట్టనా?
- ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: అమ్మా, ఆ పిట్ట కదలకుండా కూర్చున్నది పిల్లల కోసమే. ఈకలు రాని పిల్ల ఒంట్లో వేడి నిలవదు. జడివానకు తడిస్తే ఆకలికన్నా ముందు చలి చంపేస్తుంది. అందుకే తల్లి రెక్కలు కాస్త విప్పి గూటి అంచుల మీదికి పరుస్తుంది. దాని తోక మొదట్లో నూనె గ్రంథి ఉంటుంది. ముక్కుతో ఆ నూనె తీసి ఈకలకు రాసుకుంటుంది కాబట్టి చినుకు నిలవకుండా జారిపోతుంది.

తెరిపిచ్చినప్పుడు చూడండి. ఆడదీ మగదీ రెండూ మేత తెస్తాయి. చూడ్డానికి రెండూ ఒకేలా ఉండటంతో ఒక్కటే తిరుగుతోందని అనుకుంటాం. పోయిన శ్రావణంలో మా మందార చెట్టు మీది గూటికి ఎదురుగా గడియారం పెట్టుకుని కూర్చున్నాను. జల్లు పడుతున్న గంటలో మేత మూడుసార్లే వచ్చింది. వాన వెలిశాక గంటలో పదిహేడుసార్లు! ఆకుపచ్చ పురుగులు, చిన్న మిడతలు, ఒకసారి కాకరపండు గింజ మీది ఎర్రటి గుజ్జు. తిరిగి వెళ్ళేటప్పుడు ముక్కున తెల్లటి ముత్యంలాంటిది పట్టుకుపోయేది. అది పిల్ల రెట్ట, పొరలో చుట్టుకుని వస్తుంది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరలేదు.

పాలిథీన్ మాత్రం వద్దు. అంతకు ముందొక ఏడాది నేను ఆ పని చేశాను. గాలికి అది టపటపలాడుతుంటే పిట్ట పురుగు ముక్కున పట్టుకుని కరెంటు తీగ మీదే ఉండిపోయింది. నలభై నిమిషాలు! కవరు తీసేశాకే గూట్లోకి దిగింది. ఆ నలభై నిమిషాలు తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

పాలు, బ్రెడ్డు కూడా వద్దు. పాలు పిట్టలకు అరగవు. నోట్లో నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. పిల్ల కింద పడితే తీసి గూట్లో పెట్టేయండి. మనిషి చెయ్యి తగిలితే తల్లి రానివ్వదన్నది నిజం కాదు. ఈకలు వచ్చి గెంతుతున్న పిల్లయితే దగ్గర్లో కొమ్మ మీద ఉంచితే చాలు, తల్లి అక్కడికే వచ్చి మేత పెడుతుంది. జాలిపడి పంజరంలో పెంచకండి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం కూడా.

ఫోటోల కోసం మాటిమాటికీ పందిరి దగ్గరికి వెళ్ళకండి. కాకీ జెముడుకాకీ మన రాకపోకలను కనిపెడుతూనే ఉంటాయి. కరివేపాకు చెట్టుకు పురుగు పట్టిందని ఈ పది పన్నెండు రోజులూ మందు కొట్టకండి, ఆ పురుగులే పిల్లలకు తిండి. రాత్రి వసారా దీపం కింద ఉసిళ్ళు రాలితే పొద్దున్నే ఊడ్చేయకుండా ఏడింటిదాకా వదిలేయండి, మీ పిట్టలు దిగి ఏరుకుంటాయి.