బోదా అంటే ఒట్టి చూడటమేనా?

‘బోదా’ అంటే ‘చూడటం’ అని నేర్చుకున్నాను, కానీ కొరియన్ సీరియళ్ళలో తిండి దగ్గరా బట్టల దగ్గరా, ఆఖరికి వానొచ్చినా అదే మాట వినిపిస్తోంది, ఎలా పట్టుకోవాలి అని అడిగారు. చదువు కోసం దక్షిణ కొరియాలోని తేజన్‌ నగరంలో ఉన్నప్పుడు మొదటి ఏడాదంతా నేనూ దీంతో తిప్పలు పడ్డాను. తప్పు కొరియన్‌ది కాదు, మధ్యలో ఇంగ్లిష్‌ని పెట్టుకున్న నాది.

నా పుస్తకంలో తిండి దగ్గర వాడే ‘మొగొ బోదా’కి ‘ట్రై’ అని అర్థం ఇచ్చారు. నేను దాన్ని ప్రయత్నించడం అనుకున్నాను. ఓసారి స్నేహితులతో మోక్పో అనే రేవు పట్టణానికి వెళ్ళాను. ఆ వైపు హోంగొ బాగా ఫేమస్. బల్లపరుపుగా ఉండే ఓ సముద్రపు చేపను పులియబెట్టి, పచ్చిగానే ముక్కలు కోసి పెడతారు. పళ్ళెం దగ్గరికి రాగానే అమ్మోనియా ఘాటు ముక్కుకెక్కుతుంది. ముక్కను నోటి దాకా తీసుకెళ్ళి దించేశాను. హోటల్ పెద్దావిడ (అక్కడ అలాంటి వాళ్ళని ‘ఇమో’ అని పిలుస్తారు, మన పిన్ని అన్నమాట) ఎలా ఉందని అడిగింది. ‘తినబోయాను గానీ నా వల్ల కాలేదు’ అనబోయి ‘మొగొ బ్వాస్సొయో’ అన్నాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. లోపలికెళ్ళి ఇంకో ప్లేటు తెచ్చింది!

నేనన్నది ‘తిని చూశాను’ అని (‘బ్వాస్సొయో’ కూడా ‘బోదా’ రూపమే). తెలుగులో అలా అంటే ముక్క గొంతు దిగినట్టే కదా, కొరియన్‌లోనూ అంతే. తినబోయి ఆగిపోతే ‘మొగుర్యొగో హెన్నుందే మోన్ మొగొస్సొయో’ అనాలి. ఆ తేడా తెలుగువాడికి పుట్టుకతో తెలుసు. ఇంగ్లిష్ దారిలో వెళ్ళి పోగొట్టుకున్నాను.

అప్పటి నుంచీ నేరుగా తెలుగులోంచే పట్టుకున్నాను. బట్టల షాపులో ‘ఇబొ బొసెయో’ అంటే ‘వేసుకుని చూడండి’. ‘మసుల్ బోదా’ రుచి చూడటం. ‘కానుల్ బోదా’ అయితే అచ్చం మా అమ్మ గరిటెతో అరచేతిలో చుక్క వేసి ‘ఉప్పు చూడరా’ అనడమే. ‘ఆయిరుల్ బోదా’ పిల్లల్ని చూసుకోవడం. ‘సొన్హేరుల్ బోదా’ నష్టపోవడం, మనం నష్టం చవిచూశాం అంటామే, అదే.

అన్నీ ఇలా అతకవు. పరీక్షని మనం రాస్తాం, వాళ్ళు చూస్తారు. ‘చాంగుల్ బోదా’ అంటే బజారుకెళ్ళి సరుకులు తెచ్చుకోవడం. ఇవి బట్టీ కొట్టాల్సిందే. ‘చేజుదో కా బ్వాస్సొయో?’ అంటే ‘జేజు దీవికి ఎప్పుడైనా వెళ్ళారా?’ అని. దాన్ని ‘వెళ్ళి చూశారా’ అని మక్కీకి మక్కీ దించితే తేడా కొడుతుంది. జరిగిపోయిన కాలంలో అడిగితే చాలాసార్లు అది అనుభవం గురించిన ప్రశ్న.

ఇక మీరడిగిన వాన సంగతి. ‘పిగా ఓనా బ్వాయో’లో చూడటమూ లేదు, ప్రయత్నమూ లేదు. జనం తడిసిన గొడుగులతో లోపలికొస్తుంటే ‘వాన పడుతున్నట్టుంది’ అంటాం చూడండి, అది. కళ్ళారా వానను చూస్తూ ఈ మాట అనరు. ఏదో ఆనవాలు చూసి ఊహించాలి. అలాగే తాను తిన్న కూర గురించి ‘బాగున్నట్టుంది’ అనరు, పక్క హోటల్ ముందు క్యూ చూసి అంటారు. నాకు దీనికి దొరికిన మంచి తెలుగు మాట ‘కాబోలు’.

ఆ రోజు రెండో ప్లేటు పెట్టి వెళ్తూ ఇమో వంటింట్లోకి ‘జల్ మొంగ్నా బ్వా’ అని కేకేసింది. అప్పుడు అర్థం కాలేదు. చాలా నెలల తర్వాత క్లాసులో ఈ పాఠం వచ్చినప్పుడు వెలిగింది: ‘బాగానే తింటాడు కాబోలు’ అంది.