తమ్ముడూ, ముందు మరదలికి చెప్పు

తమ్ముడూ,

ఆదివారం నువ్వు ఫోన్ చేసినప్పుడు పొడిపొడిగా మాట్లాడి పెట్టేశాను. పక్కనే మనవరాలు హోంవర్క్ రాసుకుంటోంది, కోడలు వంటింట్లో ఉంది. నువ్వడిగింది నలుగురి ముందు చెప్పే మాట కాదు, అలాగని చెప్పకుండా ఊరుకునే మాటా కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. చదివాక చింపెయ్యకు, మరదలికి ఇవ్వు.

గట్టిపడటం ఆగిపోయిన అంగంలో ఆపరేషన్ చేసి పెట్టే ఇంప్లాంట్ గురించి, "అది పెట్టించుకున్నాక మనిషి మామూలుగానే ఉంటాడా అన్నా?" అని అడిగావు. ఉంటాడు. నాకు పెట్టి తొమ్మిదేళ్లు దాటింది. బండి నడుపుతున్నాను, కింద కూర్చుని భోంచేస్తున్నాను, కార్తీకంలో కోటప్పకొండ మెట్లెక్కాను. లుంగీ కట్టినా ప్యాంటు వేసినా ఎవరికీ ఏమీ తెలియదు. ఆ భయం ఇక్కడితో వదిలెయ్యి. నా భయం వేరే. ఆపరేషన్ తేదీ చెప్పావు, డాక్టరు పేరు చెప్పావు, డబ్బు ఎక్కడ సర్దావో కూడా చెప్పావు. మరదలు ఏమందని అడిగితే మాత్రం "తర్వాత చెబుతాలే అన్నా, ఆడవాళ్లకి ఇవన్నీ ఎందుకు" అన్నావు. 2016లో అచ్చం ఈ మాటే నేనూ అనుకున్నాను.

నాకు షుగర్ వచ్చిన పన్నెండో ఏడు ఈ బాధ మొదలైంది. ముందు అంగంలో గట్టిదనం తగ్గింది, ఆ తర్వాత అసలు నిలవడం మానేసింది. ఉక్కగా ఉందని వంక పెట్టి వరండాలో మంచం వేసుకున్నాను. వానలు పడ్డా లోపలికి పోలేదు. మీ వదిన రెండుసార్లు అడిగింది, రెండుసార్లూ కసిరాను. మూడోసారి అడగలేదు. అలా నాలుగేళ్లు గడిచాయి. ఆ నాలుగేళ్లూ తను ఏమనుకుందో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. నా బాధ నాకే కొండంత ఉంది అప్పుడు.

స్టేషన్ గోడ మీద రాతలు చూసి, లాడ్జి గదిలో కూర్చునే ఒక ఆసామికి 11 వేలు పోసి లేహ్యం కొన్నాను. అందులో బెల్లమే ఎక్కువేమో, నెల తిరిగేసరికి షుగర్ మూడొందలు దాటింది. ఇలాంటి పొడుల్లో, లేహ్యాల్లో చాటుగా గట్టిదనం తెచ్చే ఇంగ్లీషు మందు కలిపి అమ్మేవాళ్లూ ఉన్నారు. గుండెజబ్బుకు నాలుక కింద మాత్ర పెట్టుకునేవాడు తెలియక అలాంటిది మింగితే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. నువ్వు కూడా ఏమైనా తింటున్నావేమో, ఉంటే ఈరోజే ఆపి డాక్టరుకి చెప్పు.

ఆఖరికి మూత్ర సమస్యలు, మగవాళ్ల జబ్బులు చూసే యూరాలజిస్టు దగ్గరికి పోతే ఆయన ముందు నా గుండె సంగతి అడిగాడు. మెట్లెక్కితే ఆయాసం వస్తుందా, ఛాతీ పట్టేస్తుందా అని. కింద బాధ చెబితే పైది అడుగుతాడేమిటని కోపమొచ్చింది. తర్వాత ఆయన చెప్పింది విని నోరు మూసుకున్నాను. అంగానికి నెత్తురు తెచ్చే నాళాలు గుండె నాళాలకంటే సన్నం. అరంగుళం పైపు, రెండంగుళాల పైపు ఒకే నీళ్లకి వదిలితే ఏది ముందు పూడుకుంటుందో మన పంపుల షెడ్డులో పనిచేసిన ఎవడైనా చెబుతాడు. ఇక్కడ వచ్చిన లోపం కొన్నేళ్ల తర్వాత అక్కడ రాబోయేదానికి ముందస్తు కబురు కావచ్చు. అందుకని ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్ అన్నీ చేయించుకున్నాకే ఆయన మాత్ర రాశాడు. నీకు ఇవి చేశారా? చేయకపోతే చేయించుకో. ఆపరేషన్‌కి మత్తు ఇచ్చే డాక్టరు కూడా అవే అడుగుతాడు.

మాత్ర నాకు ఏడాదిన్నర పనిచేసింది. తర్వాత అంగంలోకే చేసుకునే ఇంజెక్షన్ నేర్పారు, అదీ కొన్నాళ్లే. ఇవన్నీ అయ్యాకే ఇంప్లాంట్ మాట ఎత్తారు. ఈ వరస ఎందుకు చెబుతున్నానంటే, ఇందులో వెనక్కి దారి లేదు. అంగంలో నెత్తురు నిండే గదుల్లోనే ఇంప్లాంట్ గొట్టాలు దూరుస్తారు. ఆ తర్వాత ఎప్పుడైనా తీసేసినా పాతపద్ధతిలో గట్టిపడటం ఉండదు, మాత్ర వేసుకున్నా పనిచేయదు. మాత్రలు, ఇంజెక్షన్ సరైన మోతాదులో వాడి చూసి, అవి కుదరవని తేలాకే నువ్వు ఈ నిర్ణయానికి వచ్చి ఉంటే సరే. ఎవరో తొందరపెడితే వచ్చావంటే తేదీ వాయిదా వేసుకో.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. మీ వదినకి హెర్నియా ఆపరేషన్ అని చెప్పి హైదరాబాద్ తీసుకుపోయాను. రెండో రోజు పొద్దున నర్సు కట్టు మార్చడానికి వచ్చి, తను పక్కనే నిలబడి ఉండగా, "పంపు పైకి పోకుండా రోజూ కిందికి లాగుతూ ఉండాలమ్మా, మీరు గుర్తు చేస్తుండండి" అంది. ఏం పంపు అని అడిగింది మీ వదిన. నర్సు చెప్పింది. మీ వదిన ఏమీ అనలేదు. ఫ్లాస్కు తీసుకుని కాఫీకి పోయి, గంటన్నర దాకా రాలేదు.

ఇంటికొచ్చాక నెలంతా నాకు సేవలు చేసింది, ఒక్క మాట మాత్రం మాట్లాడలేదు. ఆరో వారం డాక్టరు ఇక కలవచ్చన్నాడు. నేను లోపలికి పోయి పడుకుంటే తను లేచి వరండాలోకి పోయింది. నాలుగేళ్లు నేను పడుకున్న మంచం మీద తను పడుకుంది. అలా ఎనిమిది నెలలు. ఒకరోజు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, తల ఎత్తకుండానే అంది: "మీరు నన్ను అసహ్యించుకుంటున్నారనుకున్నాను. ఎవరో ఉన్నారనుకున్నాను. నా ఒళ్లు పాడైందనుకున్నాను. ఒక్క ముక్క చెప్పి ఉంటే నాలుగేళ్లు ఏడ్చేదాన్ని కాదు." ఆ చిక్కుడుకాయల పళ్లెం ఇప్పటికీ నా కళ్లముందే ఉంటుంది. లక్షలు పోసి పెట్టించుకున్న వస్తువు ఆరో వారానికే సిద్ధంగా ఉంది. మేమిద్దరం సిద్ధం కావడానికి ఇంకో ఎనిమిది నెలలు పట్టింది.

అందుకే అంటున్నాను, ఆపరేషన్‌కి ముందు డాక్టరు దగ్గరికి ఈసారి మరదల్ని తీసుకుపో. ఆయన బల్ల మీద ఉండే ఇంప్లాంట్ నమూనా తన చేతికి కూడా ఇమ్మను. వద్దంటే వద్దనే హక్కు కూడా తనకుంది, అది గుర్తుపెట్టుకో.

వస్తువు సంగతి నీకు వివరంగా చెప్పక్కర్లేదు, నువ్వు పంపులు తెలిసినవాడివి. 1973లో హ్యూస్టన్‌లో బ్రాంట్లీ స్కాట్ అనే యూరాలజిస్టు తన తోటివాళ్లతో కలిసి దీన్ని బయటికి తెచ్చాడు. ఆ పనితనం తెలిశాక నాకు ఆయన మీద గౌరవం కలిగింది. రెండు గొట్టాలు అంగంలో, చిన్న సెలైన్ తిత్తి పొత్తికడుపులో మూత్రాశయం దగ్గర, పంపు బీజాల సంచిలో. పంపు నొక్కినకొద్దీ తిత్తిలో సెలైన్ గొట్టాల్లోకి వస్తుంది. పని అయ్యాక పంపు పైభాగంలో మీట నొక్కితే తిరిగి తిత్తిలోకి పోతుంది. కరెంటు లేదు, బ్యాటరీ లేదు. ఇది మూడు ముక్కల రకం. రెండోది వంచే రకం, రెండు కడ్డీలంతే. కావాల్సినప్పుడు పైకి, అక్కర్లేనప్పుడు కిందికి వంచుకోవడమే. ముంబైలో రూపిన్ షా అనే ఆండ్రాలజిస్టు, అంటే మగవాళ్ల లైంగిక సమస్యలు చూసే డాక్టరు, మన దేశంలోనే చవకలో అలాంటిది తయారుచేశాడు. మూడు ముక్కలది లక్షల్లో పని, వంచేది దానికంటే చాలా తక్కువ. వంచేది ఎప్పుడూ గట్టిగానే ఉంటుంది గనక బట్టల్లో కాస్త సర్దుకోవాలి, కానీ చెడిపోయే పంపు, వాల్వు లాంటివేమీ అందులో లేవు. వేళ్లకి తిమ్మిర్లు, చేతిలో పట్టు లేనివాళ్లకి అదే మేలు. అప్పు చేసి మాత్రం ఖరీదైనది పెట్టించుకోకు. ఇన్సూరెన్స్ ఉంటే ముందే రాతపూర్వకంగా అడుగు, నోటిమాట నమ్మకు.

ఇంకొకటి, నీ మూడు నెలల షుగర్ (హెచ్‌బీఏ1సీ) ఎంతుంది? దాన్ని ఎనిమిది లోపుకి తెచ్చుకుని వెళ్లు. దీంట్లో అన్నిటికంటే పెద్ద గండం చీము పట్టడం. మొదటిసారి పెట్టించుకున్నవాళ్లలో నూటికి ఇద్దరు ముగ్గురికే అలా అవుతుందంటారు గానీ, అయితే మాత్రం చాలాసార్లు మొత్తం తీసెయ్యాల్సిందే. గజ్జల్లో తామర, సెగగడ్డ, పంటిచీము, యూరిన్ మంట ఏది ఉన్నా దాచకుండా చెప్పి, తగ్గించుకున్నాకే ఆపరేషన్ బల్లెక్కు. తర్వాత కూడా నొప్పి రోజురోజుకీ తగ్గాలి. తగ్గిన నొప్పి మళ్లీ పెరిగినా, ఎర్రబారినా, జ్వరం వచ్చినా, కుట్టు దగ్గర తడి కనిపించినా, పంపు చర్మానికి అతుక్కుపోయినట్టు అనిపించినా మర్నాటి దాకా ఆగకు.

మొదటి పది రోజులు చూసుకుంటే భయమేస్తుంది. సంచి వంకాయంత వాచి, రంగు కూడా వంకాయ రంగే. అది దిగిపోతుంది. బిగుతు చెడ్డీ వేసి, అంగాన్ని పొట్టకేసి పైకి పెట్టుకో, వంకర లేకుండా మానుతుంది. స్నానం చేసేటప్పుడు గోరువెచ్చటి నీళ్లు పోసుకుని, సంచి వదులయ్యాక పంపుని నెమ్మదిగా కిందికి, ముందుకి దింపుకో. ఇది రోజూ చెయ్యాలి. బద్ధకిస్తే పంపు పైన ఎక్కడో మానిపోయి, తర్వాత వేళ్లకి దొరక్క అవస్థపడతావు. డాక్టరు చెప్పేదాకా, ఒళ్లు గాలిపటంలా తేలికగా ఉంది కదా అని బస్తాలు, మోటార్లు ఎత్తకు. నీ అలవాటు నాకు తెలుసు.

మొదటిసారి పంపు నొక్కేది డాక్టరు దగ్గరే. మూడు వారాలకో నాలుగు వారాలకో పిలుస్తారు. నిజం చెబుతున్నాను, ఆరోజు నొప్పికి నాకు కళ్లనీళ్లు తిరిగాయి. మోసపోయాననుకున్నాను. రోజూ ఇంట్లో నింపి, పావుగంట ఉంచి, ఖాళీ చెయ్యమన్నారు. వారం పోయేసరికి నొప్పి సగమైంది, నెలకి మర్చిపోయాను. మొదట్లో పంపు చేపపిల్లలా జారిపోతుంది. ఎడమచేతి రెండు వేళ్లతో పైన గొట్టం దగ్గర పట్టుకుని కుడిచేత్తో నొక్కితే కదలదు. మొదటి నొక్కు బిర్రుగా ఉంటుంది, "టక్" మని వాల్వు తెరుచుకున్నాక సాఫీ. పది, పదిహేను నొక్కులకి నిండుతుంది. ఖాళీ చేసేటప్పుడు మీట నాలుగైదు క్షణాలు పట్టి ఉంచి, మీ డాక్టరు చూపించిన పద్ధతిలో గొట్టాల్ని పిండు. సగం సగం ఖాళీ చేసి వదిలెయ్యకు, పూర్తిగా దించు. నింపుకుని నిద్రపోకు.

దీనివల్ల రానివి కూడా చెప్పాలి. కోరిక ఇది పుట్టించదు. స్పర్శ, సుఖం, వీర్యం ముందెలా ఉన్నాయో దాదాపు అలాగే ఉంటాయి, పెరగవు. పొడవు పెరగదు, కొంచెం తగ్గినట్టే అనిపిస్తుంది. గొట్టాలు కొసదాకా పోవు గనక ముందుభాగం మెత్తగా, కాస్త చల్లగా ఉంటుంది. పాతికేళ్లప్పటి ఒళ్లు తిరిగొస్తుందనుకుని పోయినవాళ్లు తర్వాత దిగులుపడతారు. నేను కూడా కొన్నాళ్లు పడ్డాను. మీ వదినకి అవేవీ పట్టలేదు. తొందర లేకపోవడం బాగుందంది. నిజమే, ఇందులో అయిపోతుందేమో, పడిపోతుందేమో అన్న కంగారు లేదు. మధ్యలో ఆగి మాట్లాడుకోవచ్చు. పెళ్లయిన ముప్పై ఏళ్లలో మేము అలా మాట్లాడుకుంది ఎప్పుడూ లేదు. పంపు నొక్కడం తనకి కూడా నేర్పాను, తనే అడిగింది.

ఇంప్లాంట్ ఉందని ఆస్పత్రిలో ఇచ్చే కార్డు పర్సులో ఆధార్ పక్కనే పెట్టుకో. మూడేళ్ల కిందట రాయి నొప్పితో ఒక ఆస్పత్రిలో చేరాను. నేను మత్తులో మూలుగుతుంటే, కుర్రాడొకడు ఏమీ అడక్కుండా యూరిన్ పైపు వెయ్యడానికి సిద్ధమయ్యాడు. మీ వదిన వాడి చెయ్యి పట్టుకుని ఆపి, కార్డు తీసి చూపించి, ముందు యూరాలజీ డాక్టర్ని పిలవమంది. మోటుగా పైపు దూర్చి ఉంటే ఏమయ్యేదో. తను సంగతి తెలిసిన మనిషి కాబట్టి ఆరోజు బయటపడ్డాను. స్కాన్లు, ఎంఆర్‌ఐ చేసేముందు, పొత్తికడుపులో ఏ ఆపరేషన్ చేయించుకున్నా, అంగం దగ్గర ఏ సూది గుచ్చబోయినా ఆ కార్డు చూపించాలి. చూపించే స్థితిలో నువ్వు లేకపోతే ఎవరు చూపిస్తారో ఆలోచించు.

ఎన్నేళ్లు వస్తుందని అడిగావు. యంత్రమేగా, అరుగుతుంది. పదేళ్ల తర్వాత కూడా ఎక్కువమందికి పనిచేస్తూనే ఉంటుందని మా డాక్టరు చెప్పాడు. లీకైతే సెలైనే గనక ఒంటికి హాని లేదు, మార్చుకోవాలంటే మళ్లీ బల్లెక్కాలి. నాది ఇప్పటికి బాగుంది. చెడిపోతే ఏం చెయ్యాలని మేమిద్దరం ఇప్పటికే మాట్లాడుకున్నాం. మార్పించకూడదనుకున్నాం.

రాత్రి తొమ్మిది దాటాక డాబా మీద ఒక్కణ్ణే ఉంటాను, అప్పుడు చెయ్యి, ఎంతసేపైనా మాట్లాడుకుందాం. ఈ ఉత్తరం మీ వదిన చదివింది. చిక్కుడుకాయల సంగతి రాయనా అని అడిగితే రాయమంది. మరదలికి ఏమైనా అడగాలనిపిస్తే మధ్యాహ్నం మూడింటికి ఫోన్ చెయ్యమంటోంది, ఆ వేళకి ఇంట్లో తనొక్కతే ఉంటుంది.

ఇట్లు,
మీ అన్న