హారికా, లినక్స్ వేసుకునే ముందు ఇది చదువు

హారికా,

మీ అమ్మ ఫోన్ చేసి, "మీ మేనకోడలు పాత లాప్‌టాప్‌లో విండోస్ తీసేసి లినక్స్ వేస్తానంటోంది వదినా, మీరైనా కాస్త చెప్పండి" అంది. వద్దని చెప్పమని ఆమె ఉద్దేశం. నేను వద్దనను. మన ఇంట్లో ఒక ఆడపిల్ల తన మిషన్ తనే బాగుచేసుకుంటాననడం నాకెంత సంతోషమో మాటల్లో చెప్పలేను. అయినా విన్న దగ్గర్నుంచీ టెన్షన్‌గానే ఉంది. ఎందుకో చెబుతాను.

నువ్వు అనుకున్నదాంట్లో తప్పేం లేదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. మీ నాన్న వాడి నీకిచ్చిన ఆ లాప్‌టాప్ ప్రాసెసర్ విండోస్ 11 ఒప్పుకునే జాబితాలో లేదు. అంతమాత్రాన నిక్షేపంలా నడిచే మిషన్‌ని పాతసామాను వాడికి ఇవ్వక్కర్లేదు.

లినక్స్ కూడా విండోస్ లాగే మిషన్‌ని నడిపే సిస్టమే, దాంట్లో చాలా రకాలున్నాయి. నువ్వు ఏది వేసుకోవాలంటే, లినక్స్ మింట్. ర్యామ్ 8 జీబీ ఉంటే మింట్‌లో సినమన్ అనే తెర అమరిక, 4 జీబీయే ఉంటే తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ. కింద ఎడమవైపు మెనూ, కుడి మూల గడియారం, వైఫై గుర్తు, అన్నీ నీ చెయ్యి అలవాటుపడ్డ చోటే ఉంటాయి. మింట్ 22 వరసకి ఆధారం ఉబుంటు అనే ఇంకో రకం లినక్స్ 24.04 వెర్షన్, కాబట్టి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. నీ చదువు అయ్యేదాకా మళ్లీ ఈ తలనొప్పి ఉండదు. ఉబుంటు కూడా మంచిదే, కానీ దాని తెర అమరిక వేరు. మొదటి నెలలోనే విసుగొచ్చి వెనక్కి వెళ్లిపోయిన పిల్లల్ని పాలిటెక్నిక్‌లో చాలామందిని చూశాను.

మీ సీనియర్ ఎవరో కాలీ లినక్స్ వేసుకోమన్నాడట. వద్దు. నల్ల తెర మీద పచ్చ అక్షరాలు పరిగెత్తితే హ్యాకర్ అయిపోరు తల్లీ. అది నెట్‌వర్క్ భద్రత పరీక్షించేవాళ్ల పనిముట్టు. లినక్స్ కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇది కాదని దాన్ని తయారుచేసినవాళ్లే రాశారు. ఆర్చ్ అని అన్నీ మనమే అమర్చుకోవాల్సిన ఇంకో రకం లినక్స్ ఉంది, దాని సంగతి రెండేళ్ల తర్వాత మాట్లాడుకుందాం.

ఇక అసలు విషయం. ఇది మీ నాన్న నీకు చెప్పి ఉండడు.

2008లో ఉబుంటు వాళ్లు అడిగినవాళ్లకల్లా సీడీలు పోస్టులో ఉచితంగా పంపేవాళ్లు. మీ నాన్న ఒకటి తెప్పించుకున్నాడు. అప్పట్లో విండోస్ పాడైతే షాపువాళ్లు సీ డ్రైవ్ మాత్రమే ఫార్మాట్ చేసేవాళ్లు. డీ డ్రైవ్ జోలికి వెళ్లేవాళ్లు కాదు. అందుకని ఊళ్లో అందరిలాగే మీ నాన్న కూడా ముఖ్యమైనవన్నీ డీలో పెట్టేవాడు. తాతయ్య షష్టిపూర్తి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. సీడీ పెట్టాడు. ఇన్‌స్టాల్ మధ్యలో ఒక తెర వచ్చింది. అక్కడ సీ లేదు, డీ లేదు. ఎస్‌డీఏ1, ఎస్‌డీఏ5 అని ఉన్నాయి. లినక్స్ డిస్కు భాగాల్ని అలాగే పిలుస్తుంది. పైన "యూజ్ ఎంటైర్ డిస్క్" అని ఉంది. డిస్కంటే సీ డ్రైవే అనుకుని దాన్నే ఎంచుకుని ముందుకు నొక్కాడు. డిస్కంటే పెట్టెలో ఉన్న హార్డ్ డిస్క్ మొత్తం. సీ, డీ అనేవి దాంట్లో గీసుకున్న గీతలు. ఆ గీతలు పోయాయి.

అప్పటికీ మించిపోలేదు. ఆ క్షణాన మిషన్ ఆపేసి ఉంటే చాలావరకు తిరిగొచ్చేవి, ఎందుకంటే పైన కొత్తది రాసేదాకా పాత ఫైళ్లు డిస్కులోనే ఉంటాయి. కంగారులో షాపుకి పట్టుకెళ్లి మళ్లీ విండోస్ వేయించాడు. పాతవాటి మీద ఇంకో పొర రాసేశారన్నమాట. నాకు తెలిసేసరికి నాలుగు రోజులైంది. చెరిగిపోయిన ఫైళ్లను వెతికే ఫొటోరెక్ అనే ప్రోగ్రాంతో గాలించాను. పేర్లు లేకుండా, ఏవో అంకెలతో కొన్ని ఫైళ్లు దొరికాయి. ఒకదాంట్లో పైసగం పందిరి, మామిడాకులు, నాయనమ్మ కొప్పులో పూలు. కింది సగమంతా బూడిదరంగు. ఆమె ముఖం ఆ బూడిదలో ఉంది. వాడు ఆ రాత్రి అన్నం తినలేదు. కాబట్టి ఈ సంగతి ఎత్తి వాణ్ణి బాధపెట్టకు.

ఇప్పటి మింట్‌లో అదే మాట "ఎరేజ్ డిస్క్" అని ఉంటుంది. నీకు ఇంగ్లీషు బాగా వచ్చని నాకు తెలుసు. వాడికీ వచ్చు.

అందుకే ఇలా చెయ్యి. 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, అంటే హార్డ్ డిస్క్ బదులు పెట్టుకునే వేగమైన డిస్కు, ఒకటి కొను. లాప్‌టాప్ విప్పి పాత హార్డ్ డిస్క్‌ని బయటికి తీసి, కవర్లో చుట్టి బీరువాలో పెట్టు. కొత్త ఎస్‌ఎస్‌డీ మీద మింట్ వేసుకో. అప్పుడు ఏది నొక్కినా పోయేదేమీ ఉండదు. పైగా మిషన్ స్పీడు చూసి నువ్వే ఆశ్చర్యపోతావు. హాస్టల్లో తీసిన ఫొటోలు, నోట్సు అన్నీ వేరే ఒక డిస్కులోకి కూడా కాపీ చెయ్యి. మింట్‌లో బ్యాకప్‌కి టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రాం ఉంది కదా అనుకోకు. మామూలు సెట్టింగ్‌లో అది సిస్టమ్‌నే దాస్తుంది, నీ ఫైళ్లను కాదు. మింట్ ఎక్కించడానికి వాడే పెన్‌డ్రైవ్‌లో ఉన్నవి కూడా పూర్తిగా చెరిగిపోతాయి, అది ఖాళీదో కాదో చూసుకో.

లాప్‌టాప్ విప్పే ముందు ఆ పెన్‌డ్రైవ్‌తోనే మిషన్ ఆన్ చేసి, ఇన్‌స్టాల్ చేయకుండా ఒక పూట వాడి చూడు. వైఫై దొరుకుతోందా, పాట వినిపిస్తోందా, మూత వేసి తీస్తే లేస్తోందా? ముందు ఇవి చూసుకో. వైఫై రాకపోతే ఫోన్‌ని కేబుల్‌తో కలిపి నెట్ ఇచ్చి, మింట్‌లో ఉండే డ్రైవర్ మేనేజర్ తెరువు, వైఫైలాంటి భాగాలకు కావలసిన డ్రైవర్లను అది వెతికి పెడుతుంది. సుడో అని మొదలయ్యే కమాండ్‌కి మిషన్ మీద పూర్తి అధికారం ఉంటుంది, నెట్‌లో ఎవరో రాసినదాన్ని అర్థం కాకుండా అతికించకు.

తెలుగుకి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు సెట్టింగ్స్‌లోనే ఉంది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టాలంటే ఐబస్, ఎమ్17ఎన్ అనే టైపింగ్ ప్రోగ్రాంలు వేసుకో, అందులో ఆర్‌టీఎస్ అనే పద్ధతి ఉంటుంది. అమ్మ డీటీపీ పని మాత్రం దీని మీద పెట్టుకోవద్దను. తెలుగు టైపింగ్‌కి వాడే అను స్క్రిప్ట్, పేజీలు పేర్చే పేజ్‌మేకర్ లినక్స్ కోసం చేసినవి కావు, ఇక్కడ నేరుగా నడవవు. మీ కాలేజీ ఆన్‌లైన్ పరీక్షల సాఫ్ట్‌వేర్ లినక్స్‌లో పనిచేస్తుందో లేదో ల్యాబ్‌లో ముందే అడుగు. పరీక్ష రోజు పొద్దున తెలిస్తే ఎవరూ ఏమీ చేయలేరు.

లాప్‌టాప్ అడుగున అంటించిన మోడల్ నంబరు ఫొటో తీసి పంపు. ఏ సైజు ఎస్‌ఎస్‌డీ పడుతుందో చూసి చెబుతాను. డబ్బు నేను పంపుతాను, నాన్నని అడగకు.

అత్తయ్య